నుదుటి నడుమ గొంతు

ఆ కార్ఖానాలో అతనిని అందరూ త్రాసు అని పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఒకటి ఉండకపోలేదు గాని, అది ఏనాడో వాడుక తప్పిపోయింది. ఇది చేసే పనిని బట్టి వచ్చిన పేరు. హెడ్‌ఫోన్స్‌లో కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి చిన్న స్పీకర్లు ఉంటాయి. పైకి కవల పిల్లల్లా కనిపించినా ఏ రెండూ అచ్చంగా ఒక్కలా పలకవు. రేకు పళ్ళెంలో గలగలలాడుతూ వచ్చే ఆ స్పీకర్ల గుట్టలోనుంచి ఒకదానికొకటి సరితూగే జతలను చెవితో విని ఏరడమే అతని కొలువు. ఒక్క మనిషి మాట్లాడే గొంతును రెండింటిలోనూ పలికించినప్పుడు, ఆ గొంతు కుడికీ ఎడమకూ ఒరగకుండా, ఎవరో వేలు పెట్టి చూపినట్లు నుదుటి నడుమ నిలిస్తే అది జత. వెంట్రుకవాసి పక్కకు జరిగినా కాదు. మిగిలిన పనివాళ్ళు గింజులాడి గింజులాడి తేల్చలేని తేడాను అతడు కన్ను మూసి తెరిచేంతలో పట్టేసేవాడు.

కార్ఖానా యజమాని అతని అక్క భర్త. నిలువెత్తు మనిషి, మాటకన్న ముందు చెయ్యి లేచే మనిషి. త్రాసుది తప్పితే ఆయన దెబ్బ తినని వీపు ఆ కప్పు కింద ఒక్కటీ లేదు. పెట్టెలు కట్టేవాడు తాడు వదులుగా బిగించాడని ముక్కాలిపీటతో కొడితే, పీట కాలు విరిగి, వాడి చేయి కూడా విరిగింది. తీగలు కత్తిరించే ముసలాయన ఎదురు సమాధానం చెప్పాడని గోడకేసి తల బాదితే, నెత్తురు మరక మీద సున్నం వేయించి, ఆ సున్నం పనిని కూడా ఆ ముసలాయన చేతనే చేయించాడు. పనివాళ్ళకు మానేసి పోవాలని లేక కాదు. వెళ్ళిన ప్రతి చోటికీ ఆయన నోరు ముందుగా వెళ్ళి, వచ్చేవాడు దొంగ అని చెప్పి కూర్చునేది.

తల్లిదండ్రులు పోయిన ఏడాది అక్క తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇంటికి తెచ్చుకుంది. కార్ఖానాలో టంకం వేసే బల్ల ఆమెది. కాలిన కడ్డీతో వెంట్రుకలంత సన్నని తీగలను అతికించేది. తమ్ముడి చెవిలోని గొప్పతనం బయటపడిన నాడే ఆమె భర్తతో ఒక మాట చెప్పుకుంది. తననేం చేసినా పడతానని, వాడి తల మీద మాత్రం చెయ్యి వేయవద్దని. ఆయన పెద్దగా నవ్వి, బంగారు బాతు మెడ పిసికే వెర్రివాణ్ణి కానని మాట ఇచ్చాడు. నాటినుంచి త్రాసు చేసిన తప్పులకు కూడా దెబ్బలు అక్క ఒంటిమీదే పడేవి. విరిగిన పక్కటెముకతో ఆమె ఒక చలికాలమంతా నిటారుగా కూర్చునే టంకం వేసింది. ఎందుకు పడుతున్నావని తమ్ముడు ఏడిస్తే, "నీ చెవి ఉన్నన్నాళ్ళూ మనకు నీడ ఉంటుందిరా. అది పోయిననాడు చూద్దాం" అనేది. ఆ చెవి తనది కాదని, అక్క ఎముకలతో కొన్నదని అతనికి తెలుసు. అందుకే చలిగాలికి కూడా భయపడి చెవులకు గుడ్డ చుట్టుకుని తిరిగేవాడు.

ఆ కార్ఖానాకు ఊళ్ళో పేరు తెచ్చింది వేరే ఒక సంగతి. హెడ్‌ఫోన్స్ కొత్తగా ఉన్నప్పుడు గొంతు బిగుసుకుపోయి ఉంటాయని, వాడేకొద్దీ పండి తీయనవుతాయని బావ నమ్మకం. కొనేవాడికి ఆ శ్రమ ఎందుకని ముందే పండించి అమ్మేవాడు. వెనక గదిలో వరుసలుగా వేలాడదీసిన హెడ్‌ఫోన్స్‌లో రాత్రీ పగలూ ఉరుములూ డప్పులూ యంత్రాల రొదా మోగుతూ ఉండేవి. తలుపు తీస్తే లక్ష జోరీగలు ఒక్కసారి ముసిరినట్లుండేది. ఆ రొదకు ఇంకొక ప్రయోజనం కూడా ఉండేది. ఎవరినైనా గట్టిగా కొట్టవలసి వస్తే బావ ఆ గదిలోకే పిలిచేవాడు. లోపల ఎంత అరిచినా ముందు గదిలో కూర్చున్న కొనుగోలుదారుకు వినబడేది కాదు. పండే గదిలోకి పిలుపు అంటే చాలు, పనివాళ్ళ మొహాల్లో నెత్తురు చుక్క ఉండేది కాదు.

జతలు ఏరేవాళ్ళకు ఆ కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. ప్రతివాడికీ కొలత కోసం తనదైన నమూనా జత ఒకటి ఉంటుంది. దానిని ఇంకొకరు తలకు పెట్టుకోరాదు; పెట్టుకున్నవాడైనా కుడిఎడమలు తిరగేసి పెట్టుకోరాదు. ఏళ్ళ తరబడి పెట్టుకోగా చెవికి ఆనే మెత్తలు ఆ మనిషి చెవి అంచుకు అచ్చు పడతాయని, ఒక్కసారి తిరగేస్తే ఆ అచ్చు చెడి కొలత తప్పుతుందని పెద్దవాళ్ళు నేర్పిన మాట. త్రాసు తన నమూనా జతను పసిబిడ్డకు టోపీ తొడిగినంత జాగ్రత్తగా తొడుక్కునేవాడు.

ఒకనాటి ఉదయం సంగీతం నేర్పే పెద్దావిడ ఒకామె హెడ్‌ఫోన్స్ కొనడానికి వచ్చింది. బావ ఆమెకు పండిన సరుకు గొప్పతనం చెప్పి, ఫోను మోగితే పక్కకు వెళ్ళాడు. ఆమె కళ్ళజోడు సవరించుకుని త్రాసు బల్ల దగ్గరకు వచ్చింది.

"నిజం చెప్పు నాయనా. వాడేకొద్దీ వీటి ధ్వని మారుతుందా?"

త్రాసుకు ఈ ఒక్క విషయంలో అబద్ధం నోట పలికేది కాదు. "మెత్తలు కాస్త అణిగి చెవికి దగ్గరగా కూర్చుంటాయమ్మా, అంతే. ఆ పైన మారేది మన చెవే. కొత్త ఇంట్లో దిగిన మొదటి రోజు కుళాయి కారే చప్పుడు నిద్రపోనివ్వదు. కొన్నాళ్ళకు అది కారుతున్న సంగతే తెలియదు. కుళాయి మారలేదు కదా!"

ఆమె నవ్వి, పండించని సాదా జత ఒకటి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాటలన్నీ చెవినపడ్డ బావ ఫోను పెట్టేసి ఆమె వెనుకనే కొంతసేపు చూశాడు. ఆ తరువాత మెల్లగా, ముద్దుగా పిలిచాడు.

"లోపలికి రా బామ్మర్దీ."

పండే గది తలుపు మూసుకుంది. తన వీపు మీద పడుతుందని త్రాసు భుజాలు ముడుచుకున్నాడు. బావ అతని జుట్టు పట్టి తల నిలబెట్టి, కుడి అరచేతిని గిన్నెలా వంచి, ఎడమ చెవిమీద సర్వశక్తులూ కూడగట్టి కొట్టాడు. తల లోపల ఏదో తడిగుడ్డ పర్రున చిరిగినట్లయింది. గదిలోని ఉరుములన్నీ ఒక్క పక్కకు ఒరిగిపోయాయి. నేల లేచి మొహానికి తగిలింది. పడినవాణ్ణి బావ డొక్కలో బూటుకాలితో ఇంకా తన్నుతూనే ఉన్నాడు గాని, త్రాసు ఆ తన్నులను లెక్కచేయలేదు. రెండు చేతులతోనూ కుడి చెవిని కప్పుకుని, మోకాళ్ళు గడ్డానికి తెచ్చుకుని ముడుచుకుపోయాడు. అలసట తీరాక బావ వంగి, కుడి పక్కన నోరు పెట్టి చెప్పాడు. "మీ అక్కకు తెలిసిందో, దాని గతి నువ్వే చూస్తావు."

త్రాసు అక్కతో పంటి నొప్పి అని చెప్పాడు. దవడకు గుడ్డ కట్టుకున్నాడు. దిండు మీద నెత్తురు కనబడకుండా గలీబు తిరగేశాడు. అక్క వేడినీళ్ళు కాచి పుక్కిలించమంది. పక్క బల్లమీద మెత్తలు అతికించే పనివాడు, చేతులు ఎప్పుడూ జిగురు జిగురుగా ఉంటాయని బంక అనే పేరు తెచ్చుకున్నవాడు మాత్రం ఊరుకోలేదు. "పంటి నొప్పికి చెవిలో దూదేమిట్రా? రేపు కడుపు నొస్తే మోకాలికి కట్టు కట్టుకుంటావా?" అని నవ్వించబోయాడు. త్రాసు నవ్వకపోయేసరికి వాడు తన పని చూసుకున్నాడు.

నొప్పి తగ్గింది, నెత్తురు ఆగింది, చెవిలో హోరు కూడా మెల్లమెల్లగా సద్దుమణిగింది. బాగయిందనుకుని ఒకనాడు దూది తీసి నమూనా జత తలకు పెట్టుకున్నాడు. గొంతు నుదుటి నడుమ నిలవలేదు. కుడి కణత దగ్గరకు జారి, అక్కడ ముద్దగా కూర్చుంది.

తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు అక్కడే ఉంది. ఆ క్షణంలో అతని ముందు రెండు సంగతులు ఉన్నాయి: మారినది తన చెవైనా కావాలి, ఆ హెడ్‌ఫోన్సైనా కావాలి. చెవి అనుకోవడమంటే అక్క పడిన ప్రతి దెబ్బా మట్టిలో పోసినట్లే. మనిషి తట్టుకోలేని నిజానికి మారుగా ఏదో ఒకటి పట్టుకుంటాడు. త్రాసు తాను ఇన్నాళ్ళూ ఎగతాళి చేసిన మాటనే పట్టుకున్నాడు. ఇది ఎన్నేళ్ళనుంచి వాడిన జత! స్పీకరులో అదిరే పొర అలిసిపోయి ఉంటుంది, ఎడమ స్పీకరు వాడకంలో నీరసించి ఉంటుంది. తిరగేసి పెట్టుకుని చూస్తే ఒక్క క్షణంలో తేలిపోయే సంగతే అది. కాని తిరగేయరాదన్న కట్టుబాటు ఆనాడు అతనికి అడ్డు కాలేదు, అండ అయింది.

బావ దగ్గరకు వెళ్ళి, "నువ్వన్నదే నిజం బావా. వాడేకొద్దీ మారుతాయి. నా నమూనా జతే మారింది" అన్నాడు. బావ ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. అందరినీ పిలిచి, అనుభవంలోకి వస్తే తప్ప కొందరి బుర్రకు ఎక్కదని చెప్పి, బామ్మర్ది భుజం చుట్టూ చెయ్యి వేసి తిప్పాడు. వచ్చిన ప్రతి కొనుగోలుదారు ముందూ త్రాసు చేత ఆ మాట పలికించాడు. అక్క మాత్రం తలెత్తి తమ్ముడి వైపు వింతగా చూసి, మళ్ళీ కడ్డీ అందుకుంది.

త్రాసు పాత నమూనా జతను సొరుగులో పడేసి, గొంతు తన నుదుటి నడుమ నిలిచేటట్లు కొత్తది ఒకటి కట్టుకున్నాడు. అంటే, ఎడమ వైపు గట్టిగా పలికే స్పీకరును వెదికి వేసుకున్నాడు. దానితో కొలిచి జతల మీద జతలు ఏరాడు. పెట్టెలకు పెట్టెలు బయటికి వెళ్ళాయి.

పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థనుంచి ఆ పెట్టెలన్నీ తిరిగి వచ్చాయి. చదివే ఆడపిల్లలందరికీ గొంతు ఎడమ చెవిలోనే మోగుతున్నదట, తలనొప్పులు వస్తున్నాయట. ఇకమీదట ఈ కార్ఖానా గడప తొక్కబోమని కబురు కూడా పెట్టెల వెంటే వచ్చింది.

బావ మొహం కందగడ్డ అయింది. పనివాళ్ళందరినీ వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి తలకూ తిరిగి వచ్చిన జతను తొడిగి అడిగాడు. కొట్టకముందే వణుకుతూ అందరూ ఎడమ అనే చెప్పారు. త్రాసు వంతు వచ్చింది.

"నడుమనే ఉంది బావా."

"ఇంతమంది ఎడమ అంటుంటే నీ ఒక్కడికీ నడుమా?"

"నేల ఎడమకు వాలిందేమో సార్, అందరం ఎడమకు ఒరిగిపోయాం" అన్నాడు బంక, గాలి కాస్త తేలికపరుద్దామని. ఆ మాట పూర్తి కాలేదు. బావ చేతిలో ఉన్న హెడ్‌ఫోన్స్ ఉక్కు పట్టీతో వాడి మూతిమీద అడ్డంగా కొట్టాడు. బంక నోరు రెండు చేతులతో మూసుకుని కూలబడ్డాడు. వేళ్ళ సందులనుంచి నెత్తురూ ఒక పన్నూ కలిసి రాలాయి.

"ఇక్కడినుంచి వెళ్ళినప్పుడు సరిగ్గానే ఉన్నాయి బావా. వాడకంలో మారిపోయి ఉంటాయి" అన్నాడు త్రాసు. ఆ మాట తన నోటినుంచి ఎంత పీలగా వచ్చిందో తనకే వినిపించింది.

అప్పుడు అక్క టంకం బల్ల ముందునుంచి లేచింది. కొన్నాళ్ళుగా ఆమె ఒక సంగతి గమనిస్తూ ఉన్నది. ఎడమ పక్కనుంచి పిలిస్తే తమ్ముడు పలకడం లేదు. పరధ్యానం అని సరిపెట్టుకున్నది గాని, మనసు సరిపెట్టుకోలేదు. ఆమె నేరుగా సొరుగు లాగి, పాత నమూనా జత తీసి, ముందు తన తలకు పెట్టుకుని విన్నది. తరువాత ముసలాయన తలకు పెట్టింది. గొంతు నడుమనే ఉందని ఆయన గొణిగాడు. ఆమె తమ్ముడి దగ్గరకు వచ్చింది.

"వద్దక్కా" అన్నాడు అతడు.

ఆమె జతను సరిగ్గా తొడిగింది. ఎటు ఉందని అడిగింది. కుడి వైపు చూపించాడు. ఆమె దానిని తీసి, ఆ కార్ఖానాలో ఇన్నేళ్ళుగా ఎవరూ చేయని పని చేసింది. కుడిఎడమలు తిరగేసి తమ్ముడి తలకు పెట్టింది. నీరసించినది స్పీకరే అయితే గొంతు ఇప్పుడు ఎడమకు రావాలి. రాలేదు. అదే కుడి కణత దగ్గర, ముందెక్కడ ఉందో అక్కడే, ముద్దగా కూర్చుని ఉంది. త్రాసు కళ్ళనుంచి నీళ్ళు జారాయి. చెయ్యెత్తి చూపవలసిన అవసరం లేకపోయింది.

"పంటి నొప్పి అన్నావు. ఏ పన్నురా అది?" అక్క గొంతు పెంచలేదు.

అతని చూపు బావ కుడి చేతి మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. ఆమె ఆ చూపు వెంట చూసింది.

బావ పళ్ళు నూరుతూ ముందుకు వచ్చాడు. చెవిటి వెధవ చేత ఇన్నాళ్ళూ జతలు ఏరించుకున్నానని, ఉన్న రెండో చెవి కూడా ఎందుకని చెయ్యెత్తాడు. అక్క ఎప్పటిలాగానే మధ్యకు వచ్చింది. ఎప్పటిలా చేతులు మొహానికి అడ్డం పెట్టుకోలేదు. కుడి చేతిలో, తన బల్లమీదినుంచి అందుకున్న కాలిన టంకం కడ్డీ ఉంది.

"ఆ చెవి కోసమే నీతో ఉన్నాను. ఇంక లేదు" అన్నది. పెళ్ళయిన నాటినుంచి భర్తను ఆమె నువ్వు అనడం అదే మొదలు.

దిగివచ్చిన అరచేతిలోకి ఆమె కడ్డీని నిలువుగా దించింది. చర్మం చుయ్యిమంది, కమురు కంపు గదినిండా వ్యాపించింది. బావ వేసిన కేక పండే గదిలో వేసినది కాదు, వీధిలోకి వినబడింది. ఆయన ఎడమ చేత్తో ఆమె జుట్టు దొరకబుచ్చుకుని, బల్ల అంచుకేసి మొహం బాదాడు. ఒకసారి. ఇంకొకసారి. ఆమె కనుబొమ చీలి, నెత్తురు బల్లమీది స్పీకర్ల పళ్ళెంలోకి కారింది.

త్రాసు ఎప్పుడు కదిలాడో అతనికే తెలియదు. చేతికి దొరికింది పెట్టెల తాళ్ళు బిగించే ఇనుప ఊచ. దానితో బావ మోకాలి వెనుక కొట్టాడు. కొండలాంటి మనిషి విరిగిపడ్డాడు. నోటినుంచి నెత్తురు కారుతున్న బంక పాకుతూ వచ్చి ఆయన కాళ్ళమీద కూర్చున్నాడు. పెట్టెలు కట్టేవాడు ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న చేతితోనే ఆయన భుజం నొక్కి పట్టాడు. త్రాసు ఛాతీమీద ఎక్కి కూర్చుని పిడికిలితో కొట్టసాగాడు. ముక్కు చితికింది. పెదవి తెగింది. బావ ఒక దశలో బతిమాలాడు గాని, ఆ మాటలు ఎడమ పక్కకు పోయాయో, అసలు చెవికే ఎక్కలేదో, పిడికిలి లేస్తూ పడుతూనే ఉంది.

"చాల్రా" అన్నది అక్క, అతని ఎడమ పక్కన నిలబడి. పిడికిలి పడింది.

"చాల్రా, చచ్చిపోతాడు."

పిడికిలి మళ్ళీ పడింది. కింద ఉన్న మనిషి కళ్ళు తేలవేశాడు. తన మాట తమ్ముడికి అందడం లేదని ఆమెకు అప్పుడు అర్థమయింది. ఆ అర్థం కావడంలో ఉన్న దుఃఖం బల్ల అంచుకన్న గట్టిగా తగిలింది. బల్ల పట్టుకుని, తూలుతూ, అతని చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి మోకరిల్లింది. చెవి దగ్గర నోరు పెట్టి మూడోసారి చెప్పింది.

పిడికిలి గాలిలో ఆగింది.

బావ బతికే ఉన్నాడు. గుర్రుమంటూ ఊపిరి తీస్తున్నాడు. ముసలాయన చెంబుతో నీళ్ళు తెచ్చి ఎవరికి ఇవ్వాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరకు అక్క చేతికే ఇచ్చాడు. ఆమె మొహం కడుక్కుని, మిగిలిన నీళ్ళతో తమ్ముడి చేతులు కడిగింది. ఇద్దరూ గుమ్మం దాటుతుంటే ఎవరూ అడ్డు రాలేదు. బంక మాత్రం వాచిన నోటితో, తనకు కూడా పని చూడమని వెనుకనుంచి అరిచాడు.

వీధిలో ఎండ చురచురలాడుతున్నది. కనుబొమమీద గుడ్డ అదుముకుని అక్క ఏదో చెబుతూ నడుస్తున్నది. త్రాసుకు ఆ మాటలు నీళ్ళ అడుగునుంచి వచ్చినట్లు వినిపించాయి. నాలుగు అడుగులు వేసి ఆగాడు. ఆమె వెనుకనుంచి చుట్టి వచ్చి, ఆమెకు ఎడమ పక్కన, తన కుడి చెవి ఆమె వైపు ఉండేటట్లు నడక మార్చుకున్నాడు.

"మళ్ళీ చెప్పక్కా. వినబడలేదు."

"ముందు ఆసుపత్రికి అన్నాను. నా కన్నూ నీ చెవీ రెండూ చూపించుకుందాం. ఆ తరువాత నీకు టంకం నేర్పుతాను."

"నా చేతులు వణుకుతున్నాయి."

"వణకనీ. మొదట్లో నాకూ వణికేవి" అన్నది అక్క, రోడ్డు దాటడానికి అతని మోచేయి పట్టుకుంటూ.